మిషన్ వల్ల ఎవరి పని పోయిందో తేల్చేదెవరు? అందరికీ కనీస ఆదాయం గురించి కాస్త వివరంగా

ఏఐ గురించి ఎక్కడ మాట వచ్చినా ఈమధ్య చివరికి ఒకచోటికే చేరుతోంది. "పనులన్నీ మిషన్లే చేసేస్తే ప్రభుత్వమే అందరికీ నెలనెలా డబ్బులు వేస్తుందిలే" అని ఒకరు ఆశగా అంటారు, ఇంకొకరు "ఊరికే డబ్బులిస్తే ఎవడు పనిలోకి వస్తాడు" అని విసుక్కుంటారు, మరొకరు ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకు ఇచ్చే సాయాన్ని చూపిస్తూ "ఇప్పుడు పడుతున్న సుభద్ర డబ్బులు అవే కదా" అంటారు. ఈ మూడు మాటల్లోనూ కొంత నిజముంది, అంతకంటే ఎక్కువ గందరగోళం ఉంది. నేనుండేది ఒడిశా గంజాం జిల్లాలోని బరంపురంలో. గంజాం అంటేనే వలసల జిల్లా. అందుకే ఈ విషయాన్ని ఎక్కడో అమెరికా ఫ్యాక్టరీల్లోని రోబోల దగ్గర మొదలుపెట్టకుండా మన సరిహద్దు ఊళ్ల వైపు నుంచి చూద్దాం.

ముందు అసలు ఇదేమిటో తేల్చుకోవాలి. యూనివర్సల్ బేసిక్ ఇన్‌కమ్, అంటే అందరికీ కనీస ఆదాయం. పేదా గొప్పా చూడకుండా అందరికీ ఇవ్వాలి. ఇంటికని కాకుండా మనిషికింత అని ఇవ్వాలి. సరుకు కాదు, డబ్బే ఇవ్వాలి. ఎన్నికలప్పుడో పండగప్పుడో కాకుండా క్రమం తప్పకుండా ఇవ్వాలి. పనిలోకి వెళ్తేనే, పిల్లల్ని బడికి పంపితేనే అన్న షరతు ఏదీ ఉండకూడదు. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా అది వేరే పథకం అయిపోతుంది. సుభద్ర 2024 సెప్టెంబరులో మొదలైంది, 21 నుంచి 60 ఏళ్ల లోపు ఆడవాళ్లకు ఏడాదికి రెండు విడతల్లో 10,000 రూపాయలు, ఐదేళ్లకు 50,000. దానికి వయసు పరిమితి ఉంది, ఆదాయ పరిమితి ఉంది, మగవాళ్లకు రాదు. పీఎం కిసాన్ ఏడాదికి 6,000, అదీ పేరు మీద భూమి ఉన్న రైతుకే. ఇవి అవసరమైన పథకాలే, వీటి వల్ల ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి, కానీ ఇవి అందరికీ కనీస ఆదాయం కావు. ఆ తేడా ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే మిషన్ మన పనిని ఎలా తీసుకుపోతుందో చూడాలి.

బరంపురం పట్టు గురించి తెలియనివాళ్లు ఇక్కడ ఉండరు. కొన్ని తరాల కిందట ఆంధ్ర వైపు నుంచి వచ్చి స్థిరపడిన దేరా నేతగాళ్లు ఈ చీరలకు పేరు తెచ్చారు, ఈ ఊరి సరుకే అని చెప్పే జీఐ గుర్తింపు కూడా ఉంది. ఇప్పుడు ఆ వీధుల్లో మగ్గం చప్పుడు వినిపించే ఇళ్లు బాగా తగ్గిపోయాయి. చేతిమగ్గాన్ని పవర్‌లూమ్ వెనక్కి నెట్టింది, అది పాత కథే. మా జిల్లాకు సంబంధించిన అసలు విచిత్రం దాని తర్వాతది. చేనేతను దెబ్బకొట్టిన ఆ పవర్‌లూమ్‌ల మీదే, గుజరాత్‌లోని సూరత్‌లో, గంజాం కుర్రాళ్లు లక్షల మంది బతుకుతున్నారు. ఆస్కా, భంజనగర్, పొలసర వైపు ఊళ్లలో సూరత్‌లో మనిషి లేని ఇల్లు వెతికినా దొరకడం కష్టం. అక్కడి సాంచా ఖాతాల్లో, అంటే పవర్‌లూమ్ షెడ్లలో, 12 గంటల షిఫ్టు, మీటరుకింత అని కూలీ, చెవులు చిల్లులు పడే చప్పుడు. 2020 మేలో లాక్‌డౌన్ మధ్య శ్రామిక్ రైళ్లలో వాళ్లంతా తిరిగొచ్చినప్పుడే ఈ జిల్లా ఎంతగా సూరత్ మీద ఆధారపడి బతుకుతోందో చాలామందికి కళ్లారా కనబడింది.

ఇప్పుడు ఆ సాంచాలు కూడా మారుతున్నాయి. పాత షటిల్ సాంచాల జాగాలో రేపియర్ మగ్గాలు, వాటర్‌జెట్ మగ్గాలు వస్తున్నాయి. అవి ఎన్నో రెట్లు వేగంగా నేస్తాయి, దారం తెగితే వాటంతటవే ఆగుతాయి, ఒకే మనిషి అంతకంటే ఎక్కువ బట్ట దించగలడు. ఇందులో ప్రభుత్వం పాత్ర కూడా ఉంది. 1999 ఏప్రిల్‌లో మొదలైన టెక్స్‌టైల్ రంగం ఆధునికీకరణ పథకం, టఫ్స్ అంటారు, కొత్త మిషన్లు కొనే యజమానులకు వడ్డీ రాయితీ, సబ్సిడీ ఇస్తూ వచ్చింది. అది రకరకాల రూపాల్లో 2022 మార్చి దాకా నడిచింది. మిషన్లు కొనడం తప్పని నేననను, కొనకపోతే చైనా బట్టతో పోటీ పడలేరు. కానీ మిషన్ కొన్నవాడికి సాయం ఉంది, ఆ మిషన్ వల్ల అవసరం లేకుండా పోయిన మనిషికి ఏమిటి అన్న ప్రశ్నకు ఆ పథకంలో జవాబే లేదు.

మరి ఆ మనిషికి పని పోయినట్టు ఎవరికి తెలుస్తుంది? ఎవరూ అతన్ని పిలిచి పని తీసేశాం అని కాగితం ఇవ్వరు. దసరాకో పెళ్లికో ఊరొస్తాడు, తిరిగి వెళ్లేసరికి అతని సాంచాలు వేరేవాళ్లు చూసుకుంటుంటారు. లేదా మీటరు రేటు నాలుగేళ్లుగా పెరగదు. లేదా అతనికి పని ఉంటుంది గానీ, అతని తమ్ముడు వెళ్దామంటే కొత్తవాళ్లను తీసుకోరు. ఇంట్లో కూర్చున్న ఆ తమ్ముడి పని మిషన్ వల్ల పోయిందా, లేక సూరత్‌లో బట్ట అమ్ముడుపోక పోయిందా, లేక అతనికే వెళ్లడం ఇష్టం లేదా? ఏ అధికారీ చెప్పలేడు. అతనే చెప్పలేడు.

వరికోత చూడండి. ఇచ్ఛాపురం నుంచి చికిటి, పాత్రపురం వైపు పల్లపు పొలాల్లో కోత మిషన్ దిగిందంటే, ఊరి ఆడవాళ్లు రోజుల తరబడి కోసే పొలం పూటలో అయిపోతుంది. కోతకూలీ ధాన్యమో డబ్బో ఏదైనా సరే, ఆ ఇళ్లకు అది ఏడాదిలో పెద్ద రాబడి. అలాగని మిషన్ పిలిచిన రైతును తిట్టడానికి లేదు. మగవాళ్లు సూరత్, చెన్నై, హైదరాబాద్ వెళ్లిపోయారు, కోతల సమయానికి మనుషులు దొరకరు, తుఫాను వస్తుందంటే రైతుకు టెన్షన్, అక్టోబరు నవంబరుల్లో ఈ తీరం వెంబడి తుఫాన్లు ఎంత మామూలో మనకు తెలుసు, 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. మనుషులు లేక మిషన్ వచ్చింది, మిషన్ వచ్చాక ఉన్న మనుషులకూ పని లేక మరికొందరు బయల్దేరారు. ఇందులో మొదట ఏది, తర్వాత ఏది అని విడదీసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

పెద్ద పెద్ద ఆర్థికవేత్తలకే ఇది కుదరలేదు. 2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్రే, ఆస్‌బోర్న్ అమెరికాలో 47 శాతం ఉద్యోగాలకు ఆటోమేషన్ ముప్పు ఎక్కువని లెక్క కట్టారు. ప్రపంచమంతా ఆ అంకె పట్టుకుని ఊగిపోయింది. మూడేళ్లకు ధనిక దేశాల కూటమి ఓఈసీడీ తరఫున ఇంకో అధ్యయనం వచ్చి ఆ సంఖ్య 9 శాతమే అంది. మొదటివాళ్లు ఉద్యోగాన్ని మొత్తంగా లెక్కలోకి తీసుకున్నారు, రెండోవాళ్లు ఒక ఉద్యోగంలో ఉండే వేర్వేరు పనుల్లో మిషన్ ఎన్ని చేయగలదో చూశారు. బ్యాంకు గుమాస్తాను తీసుకోండి. డబ్బు లెక్కపెట్టే పని ఏటీఎం చేసింది, కానీ అమెరికాలో ఏటీఎంలు వచ్చాక చాలా ఏళ్లపాటు బ్యాంకు గుమాస్తాలు తగ్గలేదు, ఎందుకంటే బ్రాంచి నడిపే ఖర్చు తగ్గి బ్రాంచీలు పెరిగాయి, గుమాస్తాల పని తీరు మారింది. కాబట్టి "ఉద్యోగాలన్నీ పోతాయి" అనేవాళ్లనూ నమ్మనక్కర్లేదు, "ఎప్పుడూ కొత్తవి వస్తూనే ఉన్నాయిగా" అనేవాళ్లనూ నమ్మనక్కర్లేదు. కొత్త పని వచ్చేది హైదరాబాద్‌లో, పాత పని పోయేది పొలసరలో. పోయింది నలభై అయిదేళ్ల మనిషికి, వచ్చింది ఇరవై రెండేళ్ల డిగ్రీ కుర్రాడికి. దేశం మొత్తానికి లెక్క సరిపోవచ్చు, ఆ ఇంటికి సరిపోదు.

నేను అందరికీ కనీస ఆదాయం వైపు నిలబడటానికి ముఖ్యమైన కారణం ఇదే. మిషన్ వల్ల నష్టపోయినవాళ్లను ఏరి సాయం చేయాలంటే ముందు వాళ్లెవరో తెలియాలి, తెలిసే దారి లేదు. ఏరే పని మొదలుపెట్టిన ప్రతిసారీ నిజంగా నష్టపోయినవాళ్లే బయట మిగిలిపోతారు. ఒడిశాలో 2018 చివర్లో ప్రకటించిన కాలియా అనే రైతు సాయం పథకం మంచి ఆలోచనతో వచ్చింది, కౌలు రైతులను, భూమిలేని వ్యవసాయ కూలీలను కూడా కలుపుకుంది, ఆ పని తెలంగాణ రైతుబంధు కూడా చేయలేదు. అయినా అర్హుల జాబితా, అనర్హుల జాబితా అంటూ ఏళ్లు గడిచాయి. 2024లో ప్రభుత్వం మారింది, కాలియా పేరు పోయి సీఎం కిసాన్ వచ్చింది, మళ్లీ కొత్త జాబితా.

తెలుగువాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది, ఇది పట్టించుకునేవాళ్లు తక్కువ. మనకు ఇంటిపేరు ముందు, అది కూడా చాలాసార్లు ఒక్క అక్షరమే. ఒడిశా ఫారాల్లో అది చివర రావాలి. ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఒడియా నుంచి ఇంగ్లీషులోకి మారి ఇంకోలా, బ్యాంకు పాసుపుస్తకంలో పెళ్లికి ముందు ఇంటిపేరుతో మరోలా. ఏ రెండూ కలవవు, ఈకేవైసీ ఆగిపోతుంది, "కరెక్షన్ చేయించుకొని రండి" అంటారు. ఇలా పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఎంతమంది అత్తమ్మలు, పిన్నులు ఒక రోజు కూలీ పోగొట్టుకొని సేవా కేంద్రం చుట్టూ తిరుగుతుంటారో అక్కడివాళ్లను అడిగితే తెలుస్తుంది. అందరికీ ఇచ్చే పథకమైనా ఆధార్, బ్యాంకు ఖాతా అవసరం కాబట్టి ఈ చిక్కు పూర్తిగా పోదు, కానీ అప్పుడు తేల్చాల్సింది "ఈ మనిషి ఉందా లేదా" అన్నది ఒక్కటే. "ఈ మనిషి తగినంత పేదదా, తగినంత నష్టపోయిందా" అన్నది తేల్చనక్కర్లేదు. జల్లెడ రంధ్రాలు ఎంత సరిచేసినా జారిపోయేవాళ్లు జారిపోతూనే ఉన్నప్పుడు, జల్లెడ పక్కన పెట్టేయడమే మేలు.

ఇక "ఊరికే డబ్బులిస్తే తాగేస్తారు, పనిమానేస్తారు" అన్న మాట. ఇది ఊహతో తేల్చాల్సిన విషయం కాదు, ప్రయోగాలు జరిగాయి. మధ్యప్రదేశ్‌లో 'సేవా' అనే మహిళా కార్మికుల సంస్థ, యూనిసెఫ్ సాయంతో, 2011 ప్రాంతంలో ఎనిమిది ఊళ్లలో అందరికీ నెలకు పెద్దలకు 200, పిల్లలకు 100 ఇచ్చింది, తర్వాత 300, 150 చేసింది. పక్కన డబ్బు ఇవ్వని ఊళ్లతో పోల్చి చూశారు. తిండి మెరుగైంది, పిల్లలు బడికి వెళ్లడం పెరిగింది, మేకలూ గేదెలూ కొన్నారు. తాగుడు పెరిగినట్టు కనబడలేదు. పనిమానేయడం జరగలేదు, ఇంకొకరి పొలంలో కూలీ తగ్గించుకొని సొంత పొలంలో పని పెంచుకున్నారు. కెన్యాలో గివ్‌డైరెక్ట్‌లీ సంస్థ కొన్ని ఊళ్లకు రెండేళ్లు, కొన్నింటికి పన్నెండేళ్లు నెలనెలా ఇస్తామని చెప్పి, ఇంకొన్నింటికి అంతా ఒకేసారి ఇచ్చింది. రెండేళ్లవాళ్ల కంటే పన్నెండేళ్ల మాట అందుకున్నవాళ్లు ఎక్కువ బాగుపడ్డారు. వాళ్లు ఆ నెలసరి డబ్బుతో చీటీలు కట్టి, పాట పాడుకొని, పెద్ద మొత్తం చేతికి తెచ్చుకొని చిన్న వ్యాపారాలు పెట్టారు. మన ఊళ్లలో ఆడవాళ్లు చేసేదీ అదే కదా. వచ్చే నెల కచ్చితంగా వస్తుందన్న నమ్మకం ఉంటే చీటీ కట్టగలరు, వస్తుందో రాదో తెలియని డబ్బుతో ఉప్పు పప్పు మాత్రమే కొనగలరు.

వ్యతిరేకంగా వచ్చిన ఫలితాలు కూడా చెప్పాలి. అమెరికాలో టెక్సస్, ఇల్లినాయి రాష్ట్రాల్లో మూడేళ్లపాటు నెలకు 1,000 డాలర్లు అందుకున్నవాళ్లు, వాళ్లతో పోల్చిన వాళ్లకంటే వారానికి సగటున గంటా పావు దాకా తక్కువ పనిచేశారని 2024లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఫిన్లాండ్‌లో 2017, 2018ల్లో నిరుద్యోగులైన 2,000 మందికి నెలకు 560 యూరోలు ఇస్తే మనసు కుదుటపడింది గానీ ఉద్యోగాల్లో పెద్ద మార్పేమీ రాలేదు. అంటే పని కొంచెం తగ్గే అవకాశం ఉంది. నాకైతే సూరత్‌లో 12 గంటల రాత్రి షిఫ్టు చేసేవాడు దాన్ని 10 గంటలకు తగ్గించుకోగలిగితే అందులో నష్టమేమీ కనబడదు. ఇంట్లో నెలకు కొంత డబ్బు ఖాయంగా ఉంటే "ఈ రేటుకు నేను చేయను" అనే ధైర్యం వస్తుంది. దళారీ దగ్గర ముందస్తు తీసుకొని, గంజాం, రాయగడ ఊళ్ల నుంచి ఎక్కడెక్కడికో బయల్దేరే ఇళ్లకు ఆ ధైర్యం చాలా అవసరం.

మరి డబ్బు? ఇక్కడ చాలామంది పక్కకు తప్పుకుంటారు, నేను తప్పుకోను. దేశంలో 140 కోట్ల మందికి నెలకు 1,000 అంటే ఏడాదికి దాదాపు 16.8 లక్షల కోట్లు. 2024-25లో కేంద్ర బడ్జెట్ మొత్తం 48 లక్షల కోట్ల చిల్లర. అంటే బడ్జెట్‌లో మూడో వంతు, జీడీపీలో దాదాపు 5 శాతం. 2016-17 ఆర్థిక సర్వేలో అప్పటి ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ బృందం కూడా దీనికి దగ్గరి లెక్కే వేసింది, మనిషికి ఏడాదికి 7,620 రూపాయలు, నాలుగింట మూడొంతుల జనాభాకు, ఖర్చు జీడీపీలో 4.9 శాతం. చిన్న మొత్తం కాదు, ఒక్క బడ్జెట్‌లో అయ్యే పని కాదు. 500తో మొదలుపెడితే సగం అవుతుంది, అయిదుగురున్న ఇంటికి నెలకు 2,500 వస్తుంది. ధనవంతుడికి కూడా ఎందుకివ్వాలి అంటారు. ఇస్తే ఇవ్వండి, పన్ను రూపంలో వెనక్కి తీసుకోండి, ఆ లెక్క ఆదాయపన్ను వాళ్ల దగ్గర ఎలాగూ ఉంది. పేదవాడిని కాగితాలు అడగడం కంటే ధనవంతుడిని అడగడం తేలిక. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 శాతం నుంచి, మినహాయింపులు వదులుకునేవాళ్లకు, 22 శాతానికి తగ్గించినప్పుడు ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. అంత డబ్బు ఎక్కడిది అనే ప్రశ్న ఆ రోజు ఇంత గట్టిగా వినబడలేదు.

ఒక్క విషయంలో మాత్రం నేను ఆ సర్వేతో కలవను. ఉన్న పథకాలను తగ్గించి వాటి జాగాలో ఈ డబ్బు ఇవ్వాలన్న ఆలోచన అందులో ఉంది. రేషన్ బియ్యం తీసేసి 500 చేతిలో పెడితే, బియ్యం ధర పెరిగిన రోజున ఆ 500 కరిగిపోతుంది, బియ్యం మాత్రం అయిదు కిలోలు అయిదు కిలోలే. కొండ ఊళ్లలో సంత వారానికోసారి, బ్యాంకు ఎక్కడో కింద. అక్కడ డబ్బు తిండికి బదులు కాలేదు. రేషన్, ప్రభుత్వాసుపత్రి, బడి ఉంటూ పైన కొంత డబ్బు వస్తేనే దీనికి అర్థం ఉంటుంది. వాటిని అమ్మి ఇచ్చే కనీస ఆదాయాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

ఇంకా తేలనిది, సరిహద్దుల్లో ఉన్న మనకు అందరికంటే ముఖ్యమైనది, ఎవరు ఇవ్వాలి అన్నది. సూరత్ మగ్గం మీద వచ్చిన లాభం గుజరాత్‌లో ఉంటుంది. జీఎస్టీ బట్ట ఎక్కడ అమ్ముడైతే అక్కడికి పోతుంది. పని పోయిన మనిషి గంజాం తిరిగొస్తాడు, అతని భారం ఒడిశా మీద పడుతుంది. సూరత్ కంపెనీ లాభం మీద ఒడిశా పన్ను వేయలేదు, వేయగలిగేది కేంద్రమే. కాబట్టి రాష్ట్రాల పథకాలు ఎన్ని కలిపినా ఇది కుదరదు. రాష్ట్రం చేతిలో ఉంటే ఇంకేమవుతుందో కొఠియా చూస్తే తెలుస్తుంది. కొరాపుట్, సాలూరు మధ్యలో ఉన్న ఆ 21 ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ దశాబ్దాలుగా కోర్టుల్లో ఉన్నాయి, 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ చాలామందికి రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. వాళ్లను తప్పు పట్టను, ఎవరి రోడ్డు ముందొస్తే వాళ్ల వైపు చూస్తారు. కానీ మనిషికి హక్కుగా రావాల్సిన డబ్బు అతని ఊరు ఎవరి మ్యాపులో ఉందన్న దాని మీద ఆధారపడకూడదు.

రాష్ట్రం చేయగలిగింది ఒకటుంది. అలాస్కాలో చమురు రాబడిలో కొంత ఒక నిధిలో వేసి, 1982 నుంచి ప్రతి ఏడాదీ అక్కడివాళ్లందరికీ, పసిపిల్లలతో సహా, డివిడెండు పంచుతున్నారు. ఒడిశాలో 2015 నుంచి జిల్లా ఖనిజ నిధులున్నాయి, గనుల యజమానులు రాయల్టీ మీద అదనంగా కట్టే డబ్బు. కొరాపుట్‌లో బాక్సైట్ తవ్వుతున్నారు, ఆ గనుల్లోనూ మనుషుల పని తగ్గి మిషన్ల పని పెరుగుతోంది. ఆ నిధిలో కొంత భవనాలకు, రోడ్లకు పోతోంది. అందులో ఒక వాటా గని చుట్టుపక్కల ఊళ్లలో ప్రతి మనిషి ఖాతాలో నేరుగా వేయడానికి కొత్త పన్ను అవసరం లేదు, నిబంధన మారిస్తే చాలు.

మొదలంటూ పెడితే ముసలివాళ్లతో, పిల్లలతో పెట్టమంటాను, వయసు తప్ప ఇంకేదీ అడగకుండా. కానీ ఏ మొత్తంతో మొదలుపెట్టినా దాన్ని ధరలతో పాటు పెరిగేలా చట్టంలోనే రాయాలి. కేంద్రం ఇచ్చే వృద్ధాప్య పింఛనులో దాని వాటా 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు నెలకు 200 రూపాయలు. 2006లో ఆ 200 పెట్టారు. ఆ తర్వాత బియ్యం, పప్పు, బస్సు చార్జీ అన్నీ ఎన్నో రెట్లయ్యాయి, కేంద్రం వాటా మాత్రం ఇప్పటికీ ఆ 200 దగ్గరే ఉంది.